ఓడలో మోగిన సైరన్

శంకర్ బాపూ,

నేను నీ ఇల్లాలు లచ్చవ్వను. నాకు డెబ్బై ఆరేళ్లు. మందమర్రి గనుల కాలనీలో మన కొడుకు శంకర్ ఇంట్లో ఉంటూ, మనవరాలు మమతతో ఈ ఉత్తరం రాయిస్తున్నాను.

మొన్న ఇంటిల్లిపాదీ సముద్రం మీద విహారానికి ఓడ ఎక్కాం. మన కాలనీ మొత్తం పట్టేంత ఓడ. అది కదలకముందే సైరన్ మోగింది. నువ్వు బొగ్గు గనిలో పనిచేసే రోజుల్లో షిఫ్టు కాని వేళ సైరన్ వినిపిస్తే, లోపల ప్రమాదమేమోనని మేం ఆడవాళ్లం గని దగ్గరికి ఉరికేవాళ్లం. నువ్వు ప్రతిసారీ నల్లటి మొహంతో పైకొచ్చి, "మళ్లొచ్చినవా" అని కసురుకునేవాడివి. నా కాళ్లకు ఇది ఓడ అని తెలియలేదు. జనమంతా పైకి పోతుంటే నేను మెట్లు దిగి కిందికి ఉరికాను.

మమత వెనకే వచ్చి పట్టుకుంది.

"బాపమ్మా, ఆపదొస్తే ఎట్ల తప్పించుకోవాల్నో నేర్పుతున్నరు, అంతే. పైకి రా."

"ఎట్ల వస్తనే? మనిషి కిందున్నడు."

"కింద ఎవలున్నరు?"

నువ్వు ఇంట్లో, మంచం మీదే కన్నుమూసి మూడేళ్లయింది. నాకు తెలుసు.

కొత్తగా ఓడ ఎక్కేవాళ్లకు నేను చెప్పేదొకటే. తిండి, ఆటల ముచ్చట తర్వాత. ముసలివాళ్లకూ పిల్లలకూ ముందు సైరన్ సంగతి చెప్పండి. శంకర్ తెలిసీ చెప్పలేదు. మమత వెనకాలే దిగొచ్చిన వాణ్ణి అక్కడే తిట్టాను.

నువ్వు బతికినన్నాళ్లూ 'శంకర్ బాపూ' అని పిలిచానే గానీ నీ పేరు నా నోట రాలేదు. ఆ మెట్ల మీద నిలబడి, "రాజయ్యా, పైకి రా" అని అరిచాను.

లచ్చవ్వ వేలిముద్ర

సాక్షులు: మమత, శంకర్. ఆ పిలుపు ఇద్దరూ విన్నారు.