కుట్టుగదికి అనుమతి

జూన్ 12, గురువారం

నాన్నకు,

పొద్దున లేవగానే చెల్లి నన్ను ఒక మాట అడిగింది. కుట్టుగదిలో ఇంకొన్నాళ్లు మెషీను ఉంచుకోవచ్చా అని. వాళ్లమ్మ, నాకు పిన్ని, పోయేదాకా కూర్చుని కుట్టిన గది అది. పిన్ని తర్వాత ఆ మెషీను మీద చెల్లి తప్ప ఇంకెవరూ చెయ్యి వేయలేదు. ఇప్పుడు దానికి నా అనుమతి కావాలట.

ఈ ఒక్కటి తప్పిస్తే ఇద్దరం కులాసాగానే ఉన్నాం. నీ కాలి వాపు తగ్గిందా? నీ ఉత్తరంలో పరంజా మీంచి జారిపడ్డ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, వంటింటి కప్పు కారుతోందా అని అడిగావు. కారడం లేదు. మేస్త్రీ వచ్చి పూత వేశాడు. ఊళ్లకు వంతెనలు కట్టే మనిషికి సొంత కప్పు మీద ధ్యాస లేదని నిన్ను ఎగతాళి చేసి మరీ పోయాడు. చదువెలా ఉందన్నావు. అదే చెప్పాలి.

ఈ నెల కాలేజీలో వారసత్వ చట్టం మొదలైంది. ఆ మాటలు నాకెంత నచ్చాయో చెప్పలేను. వీలునామాని పాత పుస్తకాల్లో మరణశాసనం అంటారు. మనిషి పోయాక మొదలయ్యే మాట అన్నమాట. అందులో ఆస్తి పొందేవాళ్లు లబ్ధిదారులు. రోజూ సాయంత్రం చెల్లి కుడుతుంటే పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. అది కాజాలు తీస్తూ మళ్లీ చెప్పమనేది.

నిన్న, అసలు వీలునామా రాయకుండా పోతే ఏమవుతుందని అడిగింది. పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. భార్య, కన్నబిడ్డలు, దత్తత తీసుకున్న బిడ్డలు. భార్య వెంట వచ్చిన బిడ్డకు వాటా రాదని కూడా అదే ఊపులో చదివేశాను. మెషీను ఆగిపోయింది.

"అయితే నేను నాన్నకి ఏమీ కానన్నమాట" అంది.

నువ్వు పిన్నిని పెళ్లి చేసుకున్నాక, ఆవిడ చెయ్యి పట్టుకుని మనింటికి వచ్చినప్పుడు దానికి నాలుగేళ్లు. ఆనాటి నుంచీ నిన్ను నాన్నా అనే పిలుస్తోంది. దత్తత కాగితం ఒకటి కావాలని మనలో ఎవరికీ తోచలేదు.

ఆ క్షణంలో నాకు ముందు జాలి కలగలేదు నాన్నా. అయితే ఇల్లంతా నాదే కదా అనిపించింది. ఆ ఊహ బాగుంది కూడా. అది నా మొహంలో చెల్లికి కనబడే ఉంటుంది. లేకపోతే పొద్దున ఆ మాట ఎందుకు అడుగుతుంది?

ఇవాళ మా మేడమ్‌ని అడిగాను. వీలునామా రాస్తే ఎవరికైనా రాయవచ్చట. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. ఆ సాక్షులకు అందులో ఏమీ రాకూడదు. ఇంటికొచ్చి చెల్లితో చెప్పాను.

"నాన్న కిందపడి ఉంటే వీలునామా పట్టుకుపోతామా? సిగ్గుండాలి అక్కా" అంది.

నీ కాలు చూడ్డానికైతే వస్తానంది.

ఈ ఉత్తరం మీ సిమెంటు లారీ డ్రైవరుకు ఇస్తున్నాను, సాయంత్రానికల్లా నీ చేతికి అందుతుంది. రేపు పొద్దున మొదటి బస్సుకి ఇద్దరం బయలుదేరుతున్నాం. నీతో పనిచేసేవాళ్లలో ఇద్దరిని సాక్షి సంతకాలకు కాసేపు ఆగమను. ఇల్లు ఇద్దరికీ సమానమని వీలునామా చిత్తుప్రతి రాశాను, నా సంచిలో ఉంటుంది. ఆ ప్రస్తావన మాత్రం నువ్వే ఎత్తాలి. నేనెత్తితే మళ్లీ నేనేదో దానికి ఇస్తున్నట్టుంటుంది.

ఇట్లు,
నీ ఇద్దరు కూతుళ్లలో పెద్దది