మోచేతి దాకా

బాపూ,

బాగున్నావా? రేపటికి నువ్వు పోయి ఏడాది.

ఇక్కడ పత్తి మొదలైంది. జమ్మికుంట మార్కెట్ యార్డు ముందు మళ్లీ ట్రాక్టర్లు బారులు కట్టాయి. తేమ చూడటానికి మిషన్లు వచ్చి ఎన్నేళ్లయినా, మిషన్ చెప్పింది నచ్చని రైతు ఇప్పటికీ అంటాడట, "గిప్పుడు నర్సన్న ఉంటే చెయ్యి పెట్టి చెప్పేటోడు" అని. తమ్ముడు ఆ మాటను ఇంటికి మోసుకొస్తాడు. నువ్వు ముప్పై ఏళ్లు పత్తి చూసిన కమీషన్ అడ్తి దుకాణంలోనే ఉన్నాడు వాడిప్పుడు. నర్సన్న కొడుకంటే చాలు, ఇంకేమీ అడగరట.

రేపు హమాలీలు తమ షెడ్డులో నీ ఫోటో పెడుతున్నారు. కింద ఏం రాయాలో వాళ్లే అనుకున్నారు... "తప్పు చెప్పని చెయ్యి". పోయిన వారం తమ్ముడు ఫోటో ఇంటికి తెచ్చి, ఆ రాత అవ్వకు చదివి వినిపించాడు. ఇన్నేళ్లు నీతో కాపురం చేసిన అవ్వ కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. తుడుచుకోలేదు.

"ఒక్కపారి తప్పు చెప్పిండు" అంది.

చొప్పదండి దిక్కు రైతు లింగయ్య గురించి అప్పుడే విన్నాను బాపూ. నేను హన్మకొండలో ఎమ్మే చదువుతున్న రోజులట. చలికాలం, పొగమంచులో వచ్చిన ట్రాక్టరు. నీ కుడిచేతికి గోరుచుట్టు, గుడ్డ కట్టి ఉంది. ఎప్పుడూ మోచేతి దాకా పత్తిలోకి దించేవాడివి, ఆ రోజు ఎడమచేత్తో పైపైన తడిమావు. మంచుకు తడిసిన పై పత్తే తగిలింది. "నీళ్లు కొట్టుకొచ్చినవ్" అన్నావు, వేలానికి వచ్చినవాళ్లందరూ వింటుండగా. బరువు కోసం మోసం చేశాడని విడిగా చెప్పనక్కర్లేదు కదా...

మధ్యాహ్నం ఆ పత్తి కుప్ప పోసినప్పుడు నువ్వే వెళ్లి, లోపలిది తీసి గింజ కొరికావట. పటుక్కుమందట. ఎండిన పత్తి! ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అవ్వతో చెప్పావు. "మరి గా మాట వాపస్ తీసుకోరాదు?" అని అవ్వ అంటే, "ఒక్కసారి తప్పంటే రేపటి సంది నా చెయ్యి ఎవడు నమ్ముతడే?" అన్నావట.

నిన్ను నమ్మడం ఎవరూ మానలేదు. ఆయన మాత్రం నీళ్ల లింగయ్య అయ్యాడు.

వారం రోజులు నాతో నేనే వాదించుకున్నాను. జవాబు చెప్పుకోలేని మనిషి మీద మాట తేవడం న్యాయమా? నీ ఫోటో ముందు నిలబడి నీ తప్పు చెబితే నేనేం బిడ్డను? కాలేజీలో చరిత్ర చెబుతూ పిల్లలను ప్రతిదానికీ ఆధారం అడుగుతాను. ఇంటి సంగతి వచ్చేసరికి నోరు మూసుకోనా?

మొన్న లింగయ్య ఇంటికి వెళ్లాను. వాకిట్లో మక్కజొన్నలు ఎండబోసి కాపలా కూర్చున్నాడు. ఆ ఏడాది నుంచి పత్తి వేయలేదట. ఫలానా అని చెప్పాను. నా ముఖం చూశాడు, చేతులు చూశాడు.

"నర్సన్న బిడ్డవా? నీకైతే గోరుచుట్టు లేదు గదా?" అని నవ్వాడు. ఆ గుడ్డ కట్టు ఆయనకింకా గుర్తుంది బాపూ...

అంతా చెప్పి క్షమించమన్నాను. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇంట్లకొచ్చి చెవుల చెప్తే ఎట్ల బిడ్డా? మీ బాపు నలుగురి ముంగట అన్నడు. నలుగుట్లనే తియ్యాలె. నా మనుమరాలు బడికి పోతే సుత నీళ్లోళ్ల పిల్లనేనాయె."

ఇంటికొచ్చి చెబితే తమ్ముడు మండిపడ్డాడు. "సచ్చిపోయినోని మీద గిప్పుడెందుకక్కా? రేపటి సంది నేను గా యార్డుల ఎట్ల తిరగాలె?" వాడు అంటుంటే నువ్వే అంటున్నట్టు వినిపించింది.

పేరంటే ఏమిటి బాపూ? నువ్వు నిజంగా చూసిన అన్ని పత్తి బళ్లూ ఈ ఒక్కదానితో అబద్ధమైపోతాయా? కావనుకుంటాను. కానీ దీన్ని దాచిపెట్టి వాటిని పొగడటం నాకు చేతకాదు. నీ పేరు ఆ యార్డులోనే, ఆ నలుగురి నోళ్లలోనే ఉంది. లింగయ్య పేరు పోయిందీ అక్కడే.

"మోచెయ్యి దాకా పెట్టంది మాట అనద్దు బిడ్డా" అనేవాడివి. ఉద్యోగంలో చేరిన రోజు అన్నావు. తోటి లెక్చరర్ మీద ఫిర్యాదు రాస్తానన్నప్పుడూ అన్నావు. నువ్వు మొదటి నుంచీ అంటున్న మాటే అనుకున్నాను. నిన్న అవ్వను అడిగాను.

"ముందుగాల ఎన్నడు అనలే. లింగయ్య ముచ్చటైనంకనే" అంది.

నాకు చెప్పాలనే చూశావా? లేక ఆ మాట అనుకుంటూ బరువు దించుకున్నావా? ఒక్కసారి సూటిగా చెప్పి ఉంటే... నీ చెయ్యి పట్టుకుని యార్డుకు నేనే తీసుకెళ్లేదాన్ని కదా?

రేపు పొద్దున వేలం మొదలవకముందే మాట్లాడతాను. లింగయ్య కోసం కారు మాట్లాడాను. "తెల్లంగి ఏసుకొని వస్త" అన్నాడు. ఫోటో కింది రాతను ఇందాక నేనే గీకేశాను. తమ్ముడు చూశాడు, ఆపలేదు. విన్న తర్వాత కూడా హమాలీలు నీ ఫోటో పెట్టుకుంటామంటే పెట్టుకుంటారు. వద్దంటే ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను.

ఎవరైనా అడ్డుపడొచ్చు. అయినా మధ్యలో ఆపను. మోచేతి దాకా పెట్టి చూశాకే అంటున్నాను బాపూ.

నీ బిడ్డ,
సుజాత