గురుబరపల్లి ఇంజిన్

జూన్ 1, ఆదివారం

కార్ట్ ఫ్రేమ్ పూర్తయింది. లక్ష్మణప్ప చివరి వెల్డింగ్ వేసి, ముఖానికున్న అద్దం పైకెత్తి, "నా పని అయిపోయినాది ప్రవీణమ్మా. ఇంజిన్ నువ్వే చూసుకోవల్ల" అన్నాడు. ఆయన మా ఇంటి ఓనరు. ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. హోసూరు పక్కన మూకండపల్లిలో కింద షెడ్డు ఆయనది, పైన అద్దె గది నాది.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు గో-కార్ట్ అనే చిన్న రేసు బండి చేసే కాలేజీ టీమ్‌లో నేనూ ఉన్నాను. నాకు ఇచ్చింది రిపోర్ట్ రాసే పని. అరవై నాలుగు పేజీలు రాశాను. మగపిల్లలు నలుగురు తోలారు. నేను ఆ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఇది నా జీతంతో, నా ఆదివారాలతో చేసిన కార్ట్. నేనే తోలతాను.

ఇంజిన్‌కి మిగిలింది పది వేలు.

జూన్ 4, బుధవారం

లంచ్ టైమ్ అంతా ఇదే ఆలోచన.

నీళ్ల పంపు ఇంజిన్ తేలిక. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. కానీ అది ఒకే వేగంతో గంటల తరబడి నడవడానికి చేసింది. క్లచ్ విడిగా కొనాలి. కొత్తదైతే నా బడ్జెట్ చాలదు, పాతదాన్ని ఏ రైతూ పూర్తిగా అరిగేదాకా వదలడు.

స్కూటర్ ఇంజిన్ అయితే గేర్ల గొడవే లేదు. కానీ వెనక చక్రం ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. మన ఫ్రేమ్‌లో రెండు వెనక చక్రాలకీ కలిపి ఒకే యాక్సిల్ ఉంది. స్కూటర్ ఇంజిన్ పెట్టాలంటే ఫ్రేమ్‌ని సగానికి కోయాలి. నిన్న ఆ మాట అన్నప్పుడు లక్ష్మణప్ప ముఖం చూశాక మళ్లీ ఎత్తలేదు.

ఇక బైకు ఇంజిన్, వంద సీసీ. క్లచ్, గేర్లు అన్నీ అందులోనే ఉంటాయి. చైన్ నేరుగా యాక్సిల్‌కి వేయొచ్చు. స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కిక్ రాడ్డు ఫ్రేమ్‌కి తగులుతుంది కాబట్టి సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదే కావాలి. వేడెక్కకుండా ఒక చిన్న ఫ్యాన్ పెట్టుకుంటే సరి.

బైకు ఇంజినే. తేలిపోయింది.

జూన్ 8, ఆదివారం

దొరికింది! కృష్ణగిరి రోడ్డులో మాదేశ్ అనే ఆయన పాత ఇనుము దుకాణం. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ నొక్కితే రెండోసారికే స్టార్ట్ అయింది. పొగ లేదు. దగ్గరగా చెవి పెట్టి విన్నాను, గరగర లేదు. తొమ్మిది వేలకి ఇచ్చాడు. ఆర్సీ కాపీ రెండు రోజుల్లో ఫోన్‌కి పంపిస్తానన్నాడు.

గూడ్స్ ఆటోలోకి ఎక్కించాక ఊరికే అడిగాను, ఇంత మంచి ఇంజిన్ ఉన్న బండిని ఎందుకు అమ్ముకున్నారని. మాదేశ్ మూలకి చెయ్యి చూపించాడు. మిగతా బండి అక్కడుంది. హైవేలో లారీ కిందికి పోయిందట. ముందు చక్రం ట్యాంకు దాకా వచ్చేసి ఉంది. ట్యాంకు మీద పసుపు అక్షరాలతో పేరు: మునిరాజ్.

ఆ మనిషి ఏమయ్యాడని అడిగాను.

"తెలీదమ్మా. వాళ్లమ్మ వచ్చి ఇచ్చిపోయినాది. ఏడ్చుకుంటా ఉన్నాది. నేనేం అడగలేదు."

జూన్ 9, సోమవారం

ఇంజిన్ షెడ్డులో ఉంది. మీద గోనెపట్టా కప్పాను.

జూన్ 12, గురువారం

లక్ష్మణప్ప విసుక్కున్నాడు. ఇనుముకి ఎవరు తోలినారో ఏం తెలుసు, బిగించు అన్నాడు. ఆయన మాట తప్పని అనలేను. మా ఫ్యాక్టరీలో ఇనుప రేకులు వంచే ఒక ప్రెస్ కింద ఒకతని వేళ్లు పోయాయి. మర్నాడు ఆ ప్రెస్ నడిచింది. నడిపించింది నేనే.

అయినా ఇవాళ స్పానర్ తీసి మళ్లీ పెట్టెలో పెట్టేశాను. ప్రెస్ వేరు, అది కూడు పెట్టే పని. దీన్ని నేను సరదాకి తోలబోతున్నాను. ఒకడు దీని మీదే పోయి ఉంటే?

సాయంత్రం ఆర్సీ కాపీ వచ్చింది. మునిరాజ్, తండ్రి తిమ్మయ్య, గురుబరపల్లి.

జూన్ 15, ఆదివారం, ఉదయం 7

వెళ్తున్నాను. వెళ్లి ఏమని అడగాలో తెలీదు.

అదే రోజు, సాయంత్రం 6

బతికే ఉన్నాడు.

మొదట్నుంచీ రాస్తాను. హైవే దిగి రెండు వీధులు నడిస్తే ఇల్లు. వాకిట్లో ఒకామె మామిడికాయలు ఏరి బుట్టల్లో వేస్తోంది. మునిరాజ్ వాళ్ల ఇల్లు ఇదేనా అని అడిగితే, "ఔను, నేను వాళ్లమ్మను, పచ్చయమ్మను. నువ్వు యాడ నుంచి వచ్చినావు?" అంది. హోసూరు నుంచి అన్నాను. ఇంజిన్ నేను కొన్నానని చెప్పాను.

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆ బండిని పగలగొట్టమని చెప్పి కదా ఇచ్చినాను! ఇంకెవరి బిడ్డను తినేదానికి మళ్లా బయటికి తెచ్చినారు?"

అంతే, పోయాడనుకున్నాను. క్షమించమ్మా అనబోతే ఏడుపొచ్చింది. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు, ఎవరొచ్చినారు, వాకిట్లోనే నిలబెట్టి అరుస్తా ఉండావేమని. వాకర్ పట్టుకుని ఒక పాతికేళ్లవాడు గడప దాటాడు. తొడ నుంచి మోకాలి దాకా కట్టు.

"మునిరాజ్?" అన్నాను.

"ఔను. ఎందుకక్కా దయ్యాన్ని చూసినట్ల చూస్తా ఉండావు?"

అక్కడే మామిడికాయల పక్కన కూలబడ్డాను. ఏడుస్తూ నవ్వాను. పచ్చయమ్మ కోపంగానే లోపలికి వెళ్లి, కోపంగానే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

తొడలో స్టీల్ రాడ్ వేశారట. ఇంకో మూడు నెలల్లో మామూలుగా నడుస్తాడని డాక్టర్ చెప్పాడట. కాలు సంగతి రెండు మాటల్లో ముగించి కార్ట్ సంగతి అరగంట అడిగాడు. చైన్ ఎట్ల వేస్తావు, గేరు చేత్తోనా కాలితోనా అని. మూడో గేరు మొండిదని, క్లచ్ పూర్తిగా నొక్కితేనే పడుతుందని చెప్పాడు.

పచ్చయమ్మ ఒక్కటే అడిగింది, అది రోడ్డెక్కుతుందా అని. ఎక్కదు, ఎక్కనివ్వరు కూడా, ఖాళీ నేల మీదే అన్నాను. నువ్వు వద్దంటే తిరిగిచ్చి వేరే ఇంజిన్ చూసుకుంటానని కూడా చెప్పాను. ఆమె నా నంబర్ మాత్రం కొడుకు ఫోన్‌లో వేయించింది.

తిరిగొచ్చే బస్సులో నిద్రపోయాను. హోసూరు బస్టాండులో కండక్టర్ లేపాడు. ఇలా నిద్రపోయి వారమైంది.

జూన్ 18, బుధవారం

ఫోన్ రాలేదు. పంపు ఇంజిన్ల ధరలు మళ్లీ చూశాను.

జూన్ 20, శుక్రవారం

షిఫ్ట్ దిగుతుంటే పచ్చయమ్మ ఫోన్.

"బిగించుకోమ్మా. బ్రేకు గట్టిగా పెట్టు. తలకాయకు హెల్మెట్ లేకుండా కూర్చోవద్దు. అయినాక ఈడికి తీసుకురా, నేను చూడల్ల."

నేను సరే అనేలోపే పెట్టేసింది. గోనెపట్టా తీసి, ఇంజిన్‌ని కిరోసిన్‌తో కడిగాను. లక్ష్మణప్ప స్పానర్ల పెట్టె తెచ్చి పక్కన పెట్టాడు.

జూన్ 29, ఆదివారం

మూకండపల్లి దాటాక ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ ఒకటుంది. అక్కడికి తీసుకెళ్లాం. చైన్ ఒకసారి ఊడింది, మళ్లీ వేశాం. బ్రేకు పదిసార్లు చూశాను. తర్వాత కూర్చున్నాను.

నేలకి జానెడు ఎత్తులో ఉంటే ముప్పై స్పీడు కూడా ఎనభైలా ఉంటుంది. ఈ సంగతి ఆ అరవై నాలుగు పేజీల్లో యాడా లేదు, నాకు తెలిస్తే కదా రాయడానికి. మలుపులో గట్టిగా అరిచాను. మూడో గేరు నిజంగానే మొండిది. ఆరు రౌండ్లు కొట్టి దిగితే పళ్ల నిండా దుమ్ము. లక్ష్మణప్ప దగ్గుతూ చప్పట్లు కొడుతున్నాడు.

జూలై 6, ఆదివారం

కార్ట్‌ని మినీ లారీలో గురుబరపల్లి తీసుకెళ్లాను. మునిరాజ్‌కి కాలు వంగదు, చూస్తాను చాలన్నాడు.

పచ్చయమ్మ బ్రేకు నొక్కి చూసింది. చైన్ చూసింది. తన చీర చూసుకుంది. లోపలికి వెళ్లి కొడుకు ప్యాంటు తొడుక్కుని వచ్చి, నా హెల్మెట్ అడిగింది.

మొదటి గేరులోనే వాళ్ల మామిడితోటంతా తిరిగింది. పెట్రోలు అయిపోయేదాకా దిగలేదు.