ఏ మందో అడగవా?

పర్చూరు, బుధవారం

సువార్తమ్మకు జక్రయ్య రాసేది: దేవుని దయవల్ల బతికే ఉన్నాను, బెంగపడకు.

నీ కార్డు చదివి తల బాదుకున్నాను. మీ తమ్ముడు “బావా ఇస్సాకన్నా ఇద్దరూ మందు కొట్టి చేలో పడిపోయారు” అంటే ఏ మందో అడగవా? సారా అనుకుని, నా తాగుడు మాన్పించమని పాస్టరయ్యగారితో ప్రార్థన పెట్టిస్తావా? పొదిలి నుంచి ఇంత దూరం వచ్చింది పత్తికి పురుగుల మందు కొట్టే పనికేగా! గాలి ఎదురు తిరిగి మందంతా మా మొహాన పడింది. నేను వాంతులతో బయటపడ్డాను. నాతో పాటు మన ఊరి నుంచి వచ్చి పక్క సాలులో కొడుతున్న ఇస్సాకు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. చేను గల రైతు కూడా అడిగినవాళ్లందరికీ “మందు కొట్టి పోయాడండీ” అనే చెబుతున్నాడు. వాళ్లు సారా అనుకుంటే ఆయనకు హాయి.

నా పొడుగు చేతుల చొక్కా, మొహానికి చుట్టుకోడానికి నీ పాత చీర ముక్క పంపు. గేదె ఈనిందా? పిల్లదాని దగ్గు తగ్గిందా?

తాగి చచ్చాడని ఇస్సాకును పూడ్చేటప్పుడు అయ్యగారు రాలేదని రాశావు. ఆయనకు నా వందనాలు చెప్పు. నా కోసం చేస్తున్న ప్రార్థన ఆపి, అదేదో ఆ సమాధి దగ్గర చేయమను.