సువార్త జేబులో బియ్యం

జూలై 1, మంగళవారం

సువార్త మళ్లీ రైల్లో నిద్ర. భట్టిప్రోలులో ఎక్కింది, నా ఎదురుగా కూర్చుంది, "గుడ్ మార్నింగ్ మేడం" అన్న మాట పూర్తయ్యేలోగా కళ్లు మూతపడ్డాయి. తెనాలిలో తట్టి లేపాను. పదిహేడేళ్ల పిల్ల, మా కాలేజీ కబడ్డీ జట్టులో అందరికన్నా చురుకైనది. పొద్దున్నే ఈ నిద్రేమిటి? నేను రేపల్లెలో ఎక్కినదాన్ని, నలభై రెండేళ్లదాన్ని, దారి పొడవునా మేలుకునే ఉన్నాను.

జూలై 3

సాయంత్రం ప్రాక్టీసు. మొదటి సగంలో సువార్త కూతకు వెళ్తే ఎవరికీ దొరకలేదు. రెండో సగంలో మూడోసారి వెళ్లేసరికి కూత తెగింది. కబడ్డీ కబడ్డీ కాస్తా... కబ... కబ... గీత దాటకముందే మోకాళ్ల మీద చేతులు.

నా నోట్‌బుక్కులో పాత పేజీ తిరగేశాను. కిందటేడు ఎర్ర సిరాతో నేనే రాసుకున్నాను: సువార్త — ఆట ఉంది, బద్ధకం. ఇవాళ కూడా అదే మాట రాశాను. రాశాక పెన్ను ఆగింది. బద్ధకస్తులు మొదటి సగంలోనూ బద్ధకంగానే ఉండాలి కదా? ఈ పిల్ల బద్ధకం సరిగ్గా సగం ఆట అయ్యాకే ఎందుకు వస్తోంది?

జూలై 4

జారి పడ్డప్పుడు ట్రాక్ ప్యాంటు జేబులోంచి గింజలు రాలాయి. పచ్చి బియ్యం!

"ఏంటే ఇది?"

"బియ్యం మేడం. నములుతుంటే హాయిగా ఉంటది."

"పెళ్లికి వాన పడుద్దే!"

"పడనీండి మేడం, కాలవలో నీళ్లన్నా వస్తయ్యి."

పిల్లలంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. మహా గడుసుది.

జూలై 7

డాక్టర్ సుజాతగారు వాళ్ల అమ్మాయి ఫీజు సంగతికి కాలేజీకి వస్తే, నవ్వుతారని ఈ బియ్యం కథ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ అమ్మాయిని ఒకసారి తీసుకురండి. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి అలాగే లాగుతుందండి... బియ్యం, మట్టి, సుద్ద."

పంతొమ్మిదేళ్లుగా ఆటలు నేర్పుతున్నాను. బియ్యం నమిలే పిల్లలను ఎంతమందిని చూశానో. అందరికీ పెళ్లిలో వాన అనే చెప్పాను. వాళ్ల పెళ్లిళ్లలో వాన పడిందో లేదో కూడా కనుక్కోలేదు.

జూలై 8

పన్నెండు మందినీ గుండ్రంగా కూర్చోబెట్టి అడిగాను — దొంగతనంగా ఏం తింటారే? ముందు సిగ్గుపడ్డారు. తరవాత ఆగలేదు. ఇద్దరు బియ్యం. ఒకమ్మాయి బలపాలు, అవీ తమ్ముడి సంచిలోంచి. ఇంకొకమ్మాయి విబూది... "భక్తి కాదు మేడం, రుచి!" పొన్నూరు నుంచి వచ్చే లక్ష్మి ఏమీ తినదట, గోడ మీద చినుకులు పడితే మాత్రం వాసన కోసం అక్కడే నిలబడిపోతుందట. ఇన్నాళ్లూ ఈ పిల్లల గురించి నాకు తెలిసిందేమిటి? ఎత్తు, బరువు, పరుగు.

రైల్లో నాకొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేనూ బలపాలు తిన్నాను.

జూలై 10

సువార్తను తీసుకెళ్లాను. సుజాతగారు మొదట అడిగింది నెలసరి గురించి. "ఎనిమిది రోజులండి" అంది మామూలుగా. "అందరికీ అంతేగా?"

అందరికీ అంతే కాదని దానికి తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. చీలమండ వాపు అడిగాను, మోకాలి నొప్పి అడిగాను. ఇది అడగలేదు. ఆడదాన్నై ఉండి.

జూలై 12

రిపోర్టు. హిమోగ్లోబిన్ గీతకు కాస్త పైనే ఉంది. హమ్మయ్య అనబోయాను. ఆవిడ వేలు ఇంకో వరుస మీద పెట్టారు — ఫెర్రిటిన్, ఒంట్లో నిలవ ఉన్న ఇనుము లెక్క. అడుగంటింది.

"వంటింటి డబ్బాలో బియ్యం ఉన్నాయండి. వెనక బస్తా ఖాళీ. డబ్బా చూసి అంతా బాగుందనుకుంటాం."

ఎంత తేలిగ్గా చెప్పారో! ఇంకా ఎన్నో అడిగాను, ఓపిగ్గా చెప్పారు. జట్టు మొత్తానికీ చూద్దామన్నారు. జ్వరం వచ్చి తగ్గిన అమ్మాయిని కొన్నాళ్లు ఆగి తెమ్మన్నారు, గట్టిగా ఆడిన మర్నాడు వద్దన్నారు. అప్పుడు తీస్తే లెక్క ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుందట.

బయటికొచ్చాక సువార్త రిపోర్టు తిరగేసి మరగేసి చూసింది.

"మేడం, నాకు బద్ధకం కాదని ఇందులో రాసుందా?"

నా నోట్‌బుక్కు ఎప్పుడు చూసిందో!

జూలై 20, ఆదివారం

భట్టిప్రోలులో దిగాను. సువార్త వాళ్లమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. చేతిలో బైబిలు అలాగే ఉంది.

"ఐరన్ బిళ్లలు వేడి చేస్తయ్యంటగా మేడంగారూ? ఇరోచనం నల్లగా అవుద్దంట?"

నల్లగా అయితే భయం లేదని, ఆ మందుకు అది మామూలేనని చెప్పాను.

"నేను తెల్లారకుండా నాట్లకి పోతానండి. ఇది ఏసుకుందో లేదో ఎవురు చూస్తారు?"

"నేను చూస్తానమ్మా. నా కళ్ల ముందే వేయిస్తా."

మాట ఇచ్చేశాను.

జూలై 21

జట్టులో పరీక్ష చేయించినవాళ్లలో నలుగురికి మాత్రలు. ప్రాక్టీసు అయ్యాక, రైలుకు ముందు, స్టేషన్ పక్కన మస్తాన్ బాబాయి టీ బండి దగ్గర నిలబెట్టి నలుగురి చేతా ఒకేసారి వేయించాను. నోరు తెరిపించి మరీ చూశాను. నోట్‌బుక్కులో నాలుగు టిక్కులు. ఇంత పద్ధతిగా ఎవరు చేయిస్తారు!

ఆగస్టు 9

టిక్కులన్నీ పడ్డాయి. కూత మాత్రం అక్కడే తెగుతోంది.

ఆగస్టు 18

సువార్త జేబులో ఇంకా బియ్యం. రైల్లో ఇంకా నిద్ర. ఓపిక పట్టాలి... పట్టాలి.

ఆగస్టు 29, శుక్రవారం

మళ్లీ పరీక్ష. బస్తా అలాగే ఖాళీగా ఉంది. మిగతా ముగ్గురికీ అంతే.

"వేసుకోవడం లేదేమోనండి."

నాకు రోషం వచ్చింది. "నా కళ్ల ముందే వేసుకుంటున్నారు డాక్టరుగారూ. ఒక్క రోజు తప్పలేదు. టీతో."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "టీతోనా?"

టీ ఇనుమును పట్టుకుంటుందట, ఒంటికి చాలావరకు అందనివ్వదట. నలభై రోజులు. నోరు తెరిపించి మరీ, నలభై రోజులు. చెప్పకపోవడం తన తప్పేనంటారావిడ. అడగకపోవడం నా తప్పు. జూలైలో అన్ని ప్రశ్నలు అడిగినదాన్ని, ఇది తెలుసనుకున్నాను. మాత్ర వేసుకోవడానికి కూడా ప్రశ్న ఉంటుందనుకోలేదు.

జిల్లా జట్టు సెలెక్షన్లకు నెల కూడా లేదు.

ఆగస్టు 30

నలుగురికీ నిజం చెప్పాను. తప్పు నాదే అన్నాను. ముగ్గురు నేల చూశారు. సువార్త మాత్రం నా వంకే చూసింది.

"అయితే ఈ నెల కూడా నాది బద్ధకం కాదు మేడం. టీ."

నవ్వుతూనే అంది. ఏడుపు నాకు వచ్చింది.

సెప్టెంబర్ 1

కొత్త పద్ధతి. రోజు విడిచి రోజు. ప్రాక్టీసుకు ముందు, నిమ్మకాయ నీళ్లతో. తెనాలిలో నిమ్మకాయలకు కరువా! టీ ప్రాక్టీసు అయిపోయాకే.

మస్తాన్ బాబాయి అలిగాడు. "నా టీ ఏం పాపం చేసిందమ్మా?"

"టీది కాదు బాబాయ్. పాపం నాది."

సెప్టెంబర్ 14

ప్రాక్టీసు మధ్యలో సువార్త నా దగ్గరికి వచ్చి గుట్టుగా అంది — "మేడం, ఇయ్యాల బియ్యం నమిలితే ఉత్త బియ్యంలాగే ఉన్నయ్యి."

ఈ వాక్యాన్ని రెండుసార్లు రాసుకున్నాను. మొన్నటిదాకా అవి ఎలా ఉండేవి? అడిగాను. నవ్వి కూతకు పరిగెత్తింది.

సెప్టెంబర్ 22

రేపటికల్లా పేర్లు పంపాలి. ఒక రైడరు స్థానం, ఇద్దరు పిల్లలు. లక్ష్మి నిలకడ. మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు. సువార్తది ఈ మధ్య రెండో సగంలో ఐదో కూతదాకా తెగడం లేదు. ఐదో దాని తరవాత చెప్పలేను. "ఆడించొచ్చు, కానీ బస్తా నిండటానికి నెలలు పడుతుందండి" అన్నారు సుజాతగారు. జిల్లా జట్టులోకి రావడానికి దానికిదే ఆఖరి ఏడాది. ఆ నలభై రోజులు నేను పారబోయకపోతే ఈ ఆలోచనే ఉండేది కాదు.

నా తప్పు దిద్దుకోవడానికి లక్ష్మి చోటు ఇవ్వడం న్యాయమేనా? తేలడం లేదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఆడించాను. సువార్త రెండు పాయింట్లు ఎక్కువ. సువార్త పేరు రాశాను. లక్ష్మి నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 27, శనివారం

బాపట్ల. సెలెక్షన్లు అయిపోయాయి.

మొదటి సగం... చూసినవాళ్లదే భాగ్యం. రెండో సగంలో నాలుగు కూతలు, మూడు పాయింట్లు. ఐదోదానికి అవతలి గీతదాకా వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు గొంతు సన్నగిల్లింది, కానీ తెగలేదు. మధ్య గీత మీద పడి చెయ్యి చాపింది. తరవాత మళ్లీ కూతకు లేవలేదు.

నా పక్కనున్న సెలెక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఆట ఉందండి... చివర్లో కాస్త బద్ధకం" అన్నారు.

నా మాట! నా ఎర్ర సిరా మాట, అక్షరం పొల్లుపోకుండా ఆయన నోట్లోంచి.

"బద్ధకం కాదండి. ఇనుము తక్కువ. మందు వాడుతోంది, నిండుతోంది."

ఆయన ఎగాదిగా చూశారు. "మీ జట్టు పిల్ల కదా మేడం, మీరలాగే అంటారు."

ఆ మాట కొట్టేశారో ఉంచేశారో కనిపించలేదు. జాబితా రేపు పదింటికి.

సూర్యలంక బీచికి తీసుకెళ్లమని పిల్లలు గోల. టైము లేదన్నాను. తెనాలి వచ్చాక అందరూ ఎవరి దారిన వాళ్లు. రేపల్లె పాసింజరులో నేనూ సువార్తా మిగిలాం. ఎదురుగా కూర్చుంది. మోచెయ్యి దోక్కుపోయి ఉంది. ఇప్పుడు పడుకుంటుందిలే, రోజంతా ఆడింది, పాపం, అనుకుని ఆ పక్క తలుపు చప్పుడవుతుంటే లేచి వేసి వచ్చాను.

సువార్త చెయ్యి జేబులోకి వెళ్లింది. మళ్లీ బియ్యమా! బయటికి తీసింది... రైలు టికెట్టు.

"లక్ష్మి మాట్లాడట్లేదు మేడం. దానికీ రక్తం చూపిస్తారా? అదీ మొన్నటినించి గోడ గీకి తింటంది."

జూలైలో లక్ష్మికి జ్వరం. కొన్నాళ్లు ఆగి తెమ్మన్నారు. నేను తీసుకెళ్లలేదు. నిలకడగా ఆడుతోంది కదా అని మరిచేపోయాను.

వేమూరు దాటింది. సువార్త కిటికీలోంచి చూస్తూ మేలుకునే ఉంది.