వెళ్ళొస్తానని చెప్పేంత వ్యవధి

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీ మేనేజరు గారి సముఖమునకు, చెకింగు సెక్షనులో అందరూ కళ్ళజోడక్క అని పిలిచే కార్మికురాలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉదయం సైరను అయిన గంటకు పనిలోకి వచ్చి, ఆ గంట పనిని సాయంత్రం పూర్తిచేయుటకు అనుమతి కోరుట గురించి.

సవినయముగా మనవి చేయునదేమనగా:

1. తమ ప్యాకింగు సెక్షనులో పనిచేస్తూ, పోయిన వర్షాకాలంలో గేటు ముందు రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయిన అబ్బాయి నా తమ్ముడు. సైరను మోగుతోందని పరుగెత్తాడు. కంపెనీపై నింద వేయుట ఈ అర్జీ ఉద్దేశము కాదు. సైరను సంగతి తమకు తెలియవలెనని వ్రాయడమైనది.

2. ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు ‘వెళ్తున్నా’ అనకూడదు, ‘వెళ్ళొస్తా’ అనాలి. ఇది తమకూ తెలిసినదే. ఆ రోజు వాడు ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, ‘అమ్మా, వెళ్తున్నా’ అన్నాడు. ‘వెళ్ళొస్తా అనరా వెధవా!’ అని అమ్మ వంటింట్లోంచి అరిచేలోగా సందు మలుపు తిరిగిపోయాడు.

3. అప్పటినుంచి అమ్మ వాదన ఏమనగా, ‘వెళ్ళి’ వాడితో పోయింది, ‘వస్తా’ ఇంట్లోనే ఉండిపోయింది. గిన్నెలు తోముతూ తోముతూ ఆగి, ‘విన్నావుటే, వస్తా అంటున్నాడు’ అంటుంది. మతి చలించిందనుకున్నాను. ఇప్పుడు కుళాయి కట్టేసి నేనూ వింటున్నాను. పై అధికారికి వ్రాయదగిన మాట కాదని తెలుసు. కానీ వినిపిస్తోంది సార్. భయంగా ఉంది, వినిపించకపోతే ఇంకా భయంగా ఉంది.

4. నేను బయల్దేరే వేళకు అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. ‘వెళ్ళొస్తా’ అంటాను. ‘సరిగ్గా అను’ అంటుంది. మళ్ళీ అంటాను. ‘గోడకి చెప్పావా? నా మొహం చూసి అను.’ పట్టుకున్న నా చెయ్యి వదిలి ‘వెళ్ళి రా’ అనేసరికి ఫ్యాక్టరీ గేటు మూస్తారు. ఒకసారి విదిలించుకుని వచ్చేశాను. వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయే ఆడపిల్లల గడ్డాలు పట్టుకుని, ‘వస్తామని చెప్పొచ్చారా అమ్మా?’ అని అడిగింది. వాచ్‌మన్ తాత సాక్షి. ఆ రోడ్డే దాటి వచ్చింది. బయట గడియ పెట్టమని ఇరుగుపొరుగు సలహా ఇచ్చారు. పెట్టాను. సాయంత్రానికి తలుపు బాది బాది అమ్మ అరచేతులు వాచిపోయాయి. మళ్ళీ ఆ పని నా వల్ల కాదు.

5. సూపర్‌వైజరు గారికి విన్నవించగా, ‘మీ ఇంట్లో దెయ్యానికి నేను షిఫ్టు వెయ్యాలా తల్లీ?’ అన్నారు. దానికి అక్కర్లేదు, అది వేళకే వస్తుంది. నాకు వేస్తే చాలు. నా పని చొక్కాల్లో తప్పుకుట్లు వెతకడం. గంట ఆగి వెతికితే తప్పుకుట్టు ఎక్కడికీ పారిపోదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తామన్నారు. ఉద్యోగం పోతే ఇద్దరికీ తిండి లేదు. వేళకు వస్తే అమ్మ దక్కదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.

కావున పై విషయములు దయతో చిత్తగించవలెను. ఒక్క గంట ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
కళ్ళజోడక్క

తా.క. ఈ అర్జీ నేనే తెచ్చి ఇద్దామనుకున్నాను. ఇవాళ అమ్మ నన్ను ఆపలేదు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, నాకంటే ముందే గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. ‘ఎక్కడికమ్మా?’ అన్నాను. ‘వాడు రాలేకపోతున్నాడే. నేనే వెళ్తున్నా’ అంది. సరిగ్గా అనమ్మా అని బతిమాలుతున్నాను. అనడం లేదు. తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కటింగు సెక్షను అన్నయ్య కిటికీలోంచి అర్జీ అందుకుని తెస్తున్నాడు. సైరను ఇక్కడికి వినిపిస్తోంది సార్. అమ్మ ఆ మాట అనేదాకా నేను రాను.