ఆ బెల్టు మార్చకు

అక్కా,

నీ తమ్ముళ్లిద్దరం ఇంకా ఒకరినొకరు చంపుకోలేదు, బెంగపడకు. మా రాక్ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. నిన్న పదో పాట దగ్గర మాత్రం అంతా చెడేలా ఉంది. దాని దరువు నాదంటే నాదని ఇద్దరం తగువుపడ్డాం. శ్రమ దోపిడీ అని నేను అరిచాను. "నీ ఉపన్యాసాలు నువ్వే పాడుకో అన్నయ్యా!" అని చిన్నోడు గిటారు సర్దేశాడు. డ్రమ్ములు వాయించేవాడికి విసుగొచ్చి, "ఎవరిదైతేనేం గానీ, నాలుగు దెబ్బలకోసారి ఈ 'టక్' ఎక్కణ్ణించొచ్చిందండీ?" అన్నాడు.

ఇద్దరం ఒక్కసారే అన్నాం: "అక్క కుట్టుమిషను బెల్టు అతుకు!" ఆ తర్వాత నవ్వలేక చచ్చాం.

మమ్మల్ని పెంచడానికి నువ్వు తొక్కిన దరువు కోసం ఇద్దరు మగాళ్లం కొట్టుకున్నాం, చూశావా? లోకంలోని దోపిడీ అంతటి మీదా పాటలు కట్టిన నాకు మనింటి దోపిడీ కనపడలేదు. అందుకే అట్ట మీద మొదటి పేరు నీది. "నాకెందుకురా" అన్నావో, వచ్చి వాదిస్తాను. నా నోటి సంగతి నీకు తెలుసు.

ఆదివారం మైకులతో వస్తున్నాం. అప్పటిదాకా ఆ బెల్టు మార్చకు, బావని నూనె కూడా వెయ్యనివ్వకు. మోకాలి నొప్పి ఎలా ఉంది? తొక్కగలవా? లేకపోతే నువ్వు పక్కన కూర్చుని తిట్టు, మేమే తొక్కుతాం.

బావకి నమస్కారాలు. తన పేరు ముందుండాలని చిన్నోడు నా భుజం మీదుగా చూస్తున్నాడు. సరే, ఈ ఒక్కసారికి.

చిన్నోడు, పెద్దోడు